అమ్మతో ఆర్మేనియా: వారం రోజులు, లక్షా అరవై వేలు. ప్లాన్ చూసి చెప్పండి

ఉప్పుటేరు (కాకినాడ):

అందరికీ నమస్కారం. సెప్టెంబరు చివర్లో మా అమ్మను తీసుకుని ఆర్మేనియా వెళ్లాలనుకుంటున్నాను. మేమిద్దరమే. శనివారం బయల్దేరి మళ్లీ శనివారానికి తిరుగు ప్రయాణం కట్టాలి. ఇద్దరికీ కలిపి నా దగ్గరున్నది లక్షా అరవై వేలు. టికెట్లు, వీసా, బస, తిండి, తిరుగుడు అన్నీ అందులోనే.

అమ్మకు 62 ఏళ్లు. చదునైన నేల మీద ఎంతసేపైనా నడుస్తుంది, మెట్లంటేనే మోకాళ్లు ఇబ్బంది పెడతాయి. గుడ్డు కూడా ముట్టదు. రెండు పూటలా పెరుగు ఉండాలి.

"దుబాయ్ వెళ్లొచ్చు కదా, సింగపూర్ వెళ్లొచ్చు కదా" అని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. అమ్మకు మాల్స్ మీద, అద్దాల మేడల మీద ఆసక్తి లేదు. పాత గుళ్లు, కొండలు, ఊళ్లు కావాలి. కొండల మధ్య వెయ్యేళ్ల నాటి రాతి చర్చిల ఫోటోలు చూపిస్తే "ఇక్కడికి తీసుకెళ్లు" అంది. నాన్న పోయాక ఆవిడ నోరు తెరిచి ఇది కావాలని అడగడం ఇదే మొదలు. అందుకే ఎలాగైనా తీసుకెళ్లాలని ఉంది.

ప్రస్తుతానికి నేను రాసుకున్నది ఇదీ: రాజధాని యెరెవాన్‌లో ఒక రోజు, తర్వాత గార్ని పాత గుడి, గెఘార్డ్ మఠం, సెవాన్ సరస్సు చూసుకుని దిలిజాన్‌లో రాత్రి బస, అక్కడి నుంచి గోరిస్ వెళ్లి తతెవ్ మఠం, తిరిగి వచ్చి గ్యుమ్రి, ఆఖరి రోజు మళ్లీ యెరెవాన్. డబ్బు సరిపోతుందా? ఇది అమ్మకు భారమవుతుందా? భోజనం ఎలా? అక్కడ యుద్ధం జరిగిందని విన్నాను, ఆ భయం కూడా ఉంది.


బ్యాక్‌ప్యాక్ బుజ్జి (హైదరాబాద్):

సూపర్ ఛాయిస్ అక్కా! ఆర్మేనియా వెళ్లినప్పుడు పక్కనే జార్జియా కూడా కలిపేయండి. యెరెవాన్ నుంచి టిబిలీసీకి రోడ్డు మీద ఐదారు గంటలే, రాత్రి రైలు కూడా ఉంది. ఒకే ఖర్చుతో రెండు దేశాలు అయిపోతాయి. తతెవ్ మాత్రం అస్సలు వదలొద్దు. అక్కడి రోప్‌వే పొడవు 5.7 కిలోమీటర్లు, 2010లో మొదలైంది. లోయ మీదుగా పన్నెండు నిమిషాల పాటు గాల్లో వెళ్తాం. అమ్మగారికి మెట్ల బాధ కూడా ఉండదు.


లెక్కల పుస్తకం (విజయవాడ):

జార్జియా సంగతి ముందు తేల్చుకోండి. అమెరికా వీసానో షెంగెన్ (యూరప్) వీసానో ఉన్నవాళ్లకు అది సులువు. అవి లేకపోతే జార్జియాకు వేరే ఈ-వీసా తీసుకోవాలి, సరిహద్దు దగ్గర ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవాలి. ఇంకో సంగతి, ఆర్మేనియా ఈ-వీసా మీద ఒకసారే లోపలికి రానిస్తారు. ఒకసారి బయటికి వెళ్లి తిరిగి రావాలంటే మళ్లీ వీసా కావాలి. ఏడు రోజుల్లో ఒక రోజు పోనూ, ఒక రోజు రానూ సరిహద్దులోనే పోతుంది. దేశాల సంఖ్య పెంచుకోవడానికి కాదు కదా వెళ్తున్నది. ఉప్పుటేరు గారూ, మీ డబ్బుకు, మీ అమ్మగారి వయసుకు ఒక్క దేశమే న్యాయం.

వీసా వివరాలు: ఆర్మేనియా విదేశాంగ శాఖ సొంత ఈ-వీసా సైట్‌లోనే అప్లై చేయండి. 21 రోజుల వీసా 3,000 డ్రాములు (అక్కడి కరెన్సీ), 120 రోజులది 15,000 డ్రాములు. మీకు 21 రోజులది చాలు. రూపాయికి నాలుగు నుంచి నాలుగున్నర డ్రాములు వస్తాయని లెక్కేసుకుంటే మనిషికి ఏడెనిమిది వందల రూపాయలకు మించదు. గూగుల్‌లో వెతికితే పైన ఏజెంట్ల సైట్లు కనిపిస్తాయి, అదే పనికి నాలుగైదు వేలు అడుగుతాయి. వాటి జోలికి పోవద్దు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ప్రయాణానికి మూడు వారాల ముందే వేసేస్తే టెన్షన్ ఉండదు.


ఎడారి బాటసారి (షార్జా, సొంతూరు జగిత్యాల):

అక్కా, ఫ్లైట్ల సంగతి నేను చెప్తా. హైదరాబాద్ నుంచి షార్జా మీదుగా ఎయిర్ అరేబియా ఉంది, దుబాయ్ మీదుగా ఫ్లైదుబాయ్ ఉంది. మనోళ్లకు సాధారణంగా చౌకగా పడేది ఈ రెండే. హైదరాబాద్ నుంచి ఇక్కడికి నాలుగు గంటలు, ఇక్కడి నుంచి యెరెవాన్ మూడు గంటలు. రెండు నెలల ముందు బుక్ చేస్తే రానూపోనూ మనిషికి 32 నుంచి 38 వేల లోపు దొరికే అవకాశం ఉంది. వారం మధ్యలో రేట్లు చూస్తూ ఉండండి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. రెండు ముక్కలూ ఒకే టికెట్ మీద ఉండాలి. చౌకగా వస్తుందని హైదరాబాద్–షార్జా వేరే, షార్జా–యెరెవాన్ వేరే కొంటే ఇక్కడ సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. దానికి ఇమిగ్రేషన్ దాటాలి, అంటే యూఏఈ వీసా కావాలి. ఒకే టికెట్ అయితే ఎయిర్‌పోర్ట్ లోపలే ఉండి మారిపోవచ్చు. ఎయిర్ అరేబియాలో చేతి సామాను 10 కిలోల దాకా ఒప్పుకుంటారు. వారానికి ఇద్దరికీ అది చాలు, చెకిన్ బ్యాగేజీ డబ్బులు మిగుల్తయ్.

హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో మన ఇమిగ్రేషన్ వాళ్లు కాస్త ఎక్కువే అడుగుతరు. ఎందుకంటే ఉద్యోగం ఇప్పిస్తమని చెప్పి టూరిస్ట్ వీసా మీద మన పిల్లల్ని ఆర్మేనియా పంపే ఏజెంట్లు తయారైన్రు. అక్కడికి పోయి ఇబ్బంది పడినోళ్లున్నరు. ఈ పోస్ట్ ఎవరైనా ఉద్యోగం ఆశతో చదువుతుంటే దండం పెట్టి చెప్తున్నా, అట్లా పోవద్దు. మీకేం ఫికర్ లేదు అక్కా. రిటర్న్ టికెట్, బస బుకింగ్, ఇన్సూరెన్స్, మీ ఉద్యోగం ఐడీ, సెలవు మంజూరైన కాగితం ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి.


మెడికో@యెరెవాన్:

ఆంటీ నమస్తే. నేను ఇక్కడ మెడిసిన్ చదువుతున్నాను. మన ఏపీ, తెలంగాణ వాళ్లం ఇక్కడ చాలామందిమే ఉన్నాం. మీ ప్లాన్ చూశాక వెంటనే రాయాలనిపించింది. అందులో మీరు వారంలో నాలుగు చోట్ల పడుకుంటున్నారు. వద్దు ఆంటీ. ఆర్మేనియా మొత్తం కలిపినా దాదాపు 30 వేల చదరపు కిలోమీటర్లే, దేశమే చిన్నది. యెరెవాన్‌లో ఒకే చోట దిగండి, పొద్దున వెళ్లి సాయంత్రానికి గదికి వచ్చేయండి. గార్ని, సెవాన్, దిలిజాన్, ఖోర్ విరాప్ మఠం, గ్యుమ్రి అన్నీ అలా చూడగలిగినవే. అమ్మమ్మగారి మందులు, బట్టలు, వంట సామాను రోజూ సర్దక్కర్లేదు.

బసకు హాస్టల్ బదులు చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ గది తీసుకోండి. రిపబ్లిక్ స్క్వేర్ పక్కనే ఖరీదు ఎక్కువ. మెట్రోలో రెండు మూడు స్టేషన్లు అవతలికి వెళ్తే రాత్రికి 11–13 వేల డ్రాములకు మంచివి దొరుకుతాయి. మెట్రో సోవియట్ కాలంలో, 1981లో మొదలైంది. స్టేషన్లు పదే కాబట్టి తప్పిపోయే అవకాశమే లేదు. ఒక్క జాగ్రత్త: పాత భవనాల్లో చాలావాటికి లిఫ్ట్ ఉండదు. ఉన్నా పనిచేయకపోవచ్చు. బుక్ చేసే ముందు "ఎన్నో అంతస్తు, లిఫ్ట్ నడుస్తోందా" అని మెసేజ్ పెట్టి జవాబు తీసుకోండి. గ్రౌండ్ ఫ్లోర్ అయితే మరీ మంచిది.

ఎయిర్‌పోర్ట్ పేరు జ్వార్త్‌నోత్స్. ఊరికి పన్నెండు కిలోమీటర్లే. 201 నంబరు బస్సు ఊరి మధ్యలోకి వస్తుంది, టికెట్ 300 డ్రాములు, అంటే డెబ్బై రూపాయలు. అర్ధరాత్రి దిగితే మాత్రం అమ్మమ్మగారితో బస్సు కోసం నిలబడొద్దు. యాండెక్స్ గో గానీ జీజీ గానీ యాప్ ఫోన్‌లో పెట్టుకుని టాక్సీ పిలవండి. బయట "టాక్సీ, టాక్సీ" అని పిలిచే వాళ్లు రెండు మూడింతలు చెప్తారు.


పప్పుచారు (బెంగళూరు):

శాకాహారం గురించి నేను రాస్తాను. మా అత్తయ్య మామయ్యలతో అక్కడ తిరిగాం, వాళ్లూ గుడ్డు తినరు.

ముందుగా మీ అమ్మగారికి శుభవార్త. అక్కడివాళ్లు పెరుగు మీద బతుకుతారు. వాళ్లు దాన్ని మత్సున్ అంటారు, ఏ చిన్న కిరాణా కొట్టులోనైనా గాజు సీసాల్లోనో డబ్బాల్లోనో దొరుకుతుంది. కాస్త పుల్లగా, గట్టిగా బాగుంటుంది. తాన్ అంటే ఉప్పు వేసిన మజ్జిగే. బియ్యం సూపర్ మార్కెట్లో కొనుక్కుంటే రాత్రి పెరుగన్నం ఖాయం.

బయట తినాల్సింది ఝెంగ్యాలోవ్ హాత్స్. పది ఇరవై రకాల ఆకుకూరలు సన్నగా తరిగి, పలుచని రొట్టెలో పెట్టి పెనం మీద కాలుస్తారు. మాంసం లేదు, గుడ్డు లేదు, నెయ్యి కూడా లేదు. ఒక్కటి తింటే మధ్యాహ్నం గడిచిపోతుంది. ఆర్త్సాఖ్ (కరబాఖ్) ప్రాంతపు వంట అది. యెరెవాన్‌లో దానికోసమే పెట్టిన చిన్న కొట్లు ఉన్నాయి. లవాష్ రొట్టె ఎక్కడ చూసినా ఉంటుంది. నేలలోకి దించిన మట్టి పొయ్యి గోడకు అతికించి కాలుస్తారు. గార్ని దారిలో ఆడవాళ్లు కాలుస్తుంటే దగ్గర నిలబడి చూడొచ్చు. ఆ వేడి రొట్టెలో జున్ను, పచ్చి తులసి, టొమాటో చుట్టుకుని తింటే మా అత్తయ్య రెండో పూట వంట వద్దంది.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. స్పాస్ అని పెరుగు, గోధుమలతో వేడి సూప్ ఇస్తారు. చాలా బాగుంటుంది కానీ కొందరు గుడ్డు కలుపుతారు, అడిగి తీసుకోండి. హరీసా అంటే గోధుమ, కోడిమాంసం కలిపి ఉడికించినది, చూడటానికి తెలియదు. తోల్మా మామూలుగా మాంసంతో చేస్తారు. పప్పులు, గింజలతో చేసే "పాసుత్స్ తోల్మా" అనేది వేరే ఉంది. అది వాళ్లు ఉపవాసాల్లో తినేది, మనకు నిశ్చింత. సుజుఖ్ అనే మాటకు కూడా రెండు అర్థాలున్నాయి. మాంసపు సాసేజ్‌నూ అలాగే అంటారు, ద్రాక్షరసంలో ముంచిన అక్రోట్ల దండనూ అలాగే అంటారు. కొనే ముందు చూసుకోండి.

ఈ ఒక్క వాక్యం అమ్మగారికి నేర్పండి: "యెస్ మిస్ చెమ్ ఉతుమ్". నేను మాంసం తినను అని. ఆవిడ నోటితో ఆవిడే చెప్తే అక్కడి పెద్దవాళ్లు ఎంత ఆదరంగా చూస్తారో మీరే చూస్తారు.

ఇంటి నుంచి కందిపొడి, పులిహోర పేస్టు, అటుకులు, ఒక చిన్న కెటిల్ తీసుకెళ్లండి. మన రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడ సరిపోతుంది. మూడు పిన్నులదైతే అడాప్టర్ కావాలి.


మెడికో@యెరెవాన్:

పప్పుచారు గారు నీళ్ల గురించి రాయలేదు. ఇక్కడ వీధి వీధికీ పుల్‌పులక్ అని రాతి కుళాయిలు ఉంటాయి. కొండ నీళ్లు, చల్లగా ఉంటాయి. ఊళ్లోవాళ్లంతా వంగి తాగుతారు, మేమూ అవే తాగుతాం. ఖాళీ సీసా ఉంచుకుంటే వారమంతా నీళ్ల ఖర్చు లేదు.


బందరు మాస్టారు:

అమ్మా ఉప్పుటేరు, నేను హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైర్ అయినవాణ్ని. మీరు వెళ్లేది ఎక్కడో ముక్కూ మొహం తెలియని దేశం కాదు. 17వ శతాబ్దంలో మా మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. అప్పుడు ఇక్కడ వ్యాపారం చేసిన వాళ్లలో ఆర్మేనియన్లు ముఖ్యులు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ పక్కన న్యూ జుల్ఫా అనే పేటలో స్థిరపడిన ఆర్మేనియన్ కుటుంబాలవాళ్లు ఇక్కడి అద్దకం బట్టలు, గోల్కొండ వజ్రాలు కొని పడమటికి పంపేవారు. హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ల పాత శ్మశానం ఇప్పటికీ ఉంది. చెన్నపట్నంలో ఆర్మేనియన్ వీధి, అందులో 1772లో కట్టిన చర్చి ఉన్నాయి. ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో తొలి పత్రిక అచ్చయింది యెరెవాన్‌లో కాదు, 1794లో మద్రాసులోనే. దాని పేరు అజ్‌దరార్.

ఇది తెలిసి వెళ్తే మతెనదరాన్ మీకు వేరేగా కనిపిస్తుంది. అది చేతిరాత గ్రంథాల భాండాగారం. 17 వేలకు పైగా రాతప్రతులు ఉన్నాయి. క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ వాళ్ల లిపిని తయారుచేశాడు. ఆయన విగ్రహం ఆ భవనం ముందే ఉంటుంది. రాజ్యాలు పోయినా, జనం చెల్లాచెదురైనా అక్షరాన్ని కాపాడుకున్న జాతి అది. అమ్మగారికి మోకాళ్ల నొప్పి ఉంటే టాక్సీలో పైదాకా వెళ్లండి, దారి ఎత్తుగా ఉంటుంది.

ఒక రోజు త్సిత్సెర్నకబెర్ద్‌కు కూడా వెళ్లండి. 1915లో మొదలైన ఆర్మేనియన్ల నరమేధంలో పోయినవాళ్ల స్మారకం. ఆ దేశంలో దాదాపు ప్రతి ఇంటికీ ఆ గాయం ఉంది. అది చూడకుండా ఆ మనుషుల్ని అర్థం చేసుకోలేం.


ఉప్పుటేరు (కాకినాడ):

మాస్టారూ, మీ పోస్ట్ అమ్మకు చదివి వినిపించాను. వాళ్ల అమ్మమ్మది బందరే. "అయితే వాళ్లు మన ఊరొచ్చారు, మనం వాళ్ల ఊరికి వెళ్తున్నాం" అంది.

మెడికో, ఒకే చోట బస మాట నచ్చింది. కానీ బుజ్జి చెప్పిన తతెవ్ మనసులోంచి పోవట్లేదు. యెరెవాన్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా? యుద్ధం గురించి కూడా ఎవరైనా చెప్పండి.


మెడికో@యెరెవాన్:

వెళ్లి రావచ్చు ఆంటీ, కానీ ఒక వైపే దాదాపు 250 కిలోమీటర్లు. అంతా కొండ దారి. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిదీ పదీ అవుతుంది. తొమ్మిది గంటలు బండిలో కూర్చుని, రెండు గంటలు చూడటానికి.

దాని బదులు అదే దారిలో సగం కన్నా దగ్గరగా నొరవాంక్ ఉంది. ఎర్రటి కొండల లోయ చివర 13వ శతాబ్దపు మఠం. సాయంత్రం వెలుగులో ఆ రాయి, ఆ కొండ ఒకే రంగులోకి మారతాయి. బండి దాదాపు దగ్గరదాకా వెళ్తుంది. అక్కడి రెండంతస్తుల చర్చికి బయటి గోడ మీద సన్నటి రాతి మెట్లున్నాయి, వాటిని కింద నుంచి చూస్తే చాలు. దారిలోనే అరెని గుహ. 5,500 ఏళ్ల నాటి తోలు చెప్పు 2008లో అక్కడే బయటపడింది. ఇప్పుడది యెరెవాన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. అదే రోజు పొద్దున ఖోర్ విరాప్ కూడా అయిపోతుంది. అరరాత్ పర్వతం ఎదురుగా నిలబడేది అక్కడే. 5,137 మీటర్ల కొండ, శిఖరం మంచుతో తెల్లగా ఉంటుంది. అది ఇప్పుడు టర్కీలో ఉంది. వీళ్లకు మాత్రం ప్రాణం, వాళ్ల దేశ చిహ్నంలో కూడా అదే. ఎండ ముదిరితే పొగమంచులా కమ్మేస్తుంది కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. అక్కడ గ్రెగరీ అనే సాధువును పదమూడేళ్లు బంధించారని చెప్పే గొయ్యి ఉంది. నిలువు ఇనుప నిచ్చెన మీద దిగాలి. అమ్మమ్మగారు దిగొద్దు.

యుద్ధం సంగతి: 2020లో అజర్‌బైజాన్‌తో 44 రోజుల యుద్ధం జరిగింది. 2023 సెప్టెంబరులో ఆ గొడవంతా దేనికోసమో ఆ కరబాఖ్ ప్రాంతం నుంచి లక్ష మంది దాకా ఇళ్లు వదిలి ఇక్కడికి వచ్చారు. ఇక్కడివాళ్ల బాధ పెద్దది, మాటల్లో తేలిగ్గా ఎత్తొద్దు. మీరు వెళ్లే చోట్లలో మాత్రం మేం చదువుకుంటూ, రాత్రి పదకొండుకు నడిచి గదికి వెళ్తూ ఉంటాం. ఆడపిల్లగా నాకు భయం అనిపించలేదు. అజర్‌బైజాన్ సరిహద్దు ఊళ్ల వైపు మాత్రం సొంతంగా వెళ్లొద్దు. టికెట్ కొనే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి చూసుకోండి.


బ్యాక్‌ప్యాక్ బుజ్జి (హైదరాబాద్):

తొమ్మిది గంటలు అంటే నిజమే, పెద్దవాళ్లకు కష్టం. తతెవ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ అక్కా, అన్నిటికీ టాక్సీ, టూర్ అంటే ఖర్చు పెరుగుతుంది. ఇక్కడ మార్ష్రుత్కాలు ఉన్నాయి, మన షేర్ ఆటో పద్ధతిలో నడిచే మినీ బస్సులు. నిండితే బయల్దేరతాయి. గార్నికి గాయ్ వీధి స్టాప్ నుంచి దొరుకుతుంది. సెవాన్‌కు, దిలిజాన్‌కు ఉత్తరపు బస్టాండ్ నుంచి. టికెట్ వందల డ్రాముల్లోనే, దిలిజాన్‌కైనా పెద్దగా అవ్వదు.


లెక్కల పుస్తకం (విజయవాడ):

మార్ష్రుత్కా ఎక్కడ లాభమో, ఎక్కడ నష్టమో చూద్దాం. గార్నికి బాగుంటుంది, గంటలోపు ప్రయాణం. గార్ని నుంచి గెఘార్డ్‌కు పదకొండు కిలోమీటర్లు, అటు బస్సు లేదు, అక్కడే టాక్సీ మాట్లాడుకోవాలి. రానూపోనూ ఆగి చూపించేలా ముందే రేటు తేల్చుకోండి. సెవాన్‌కు బస్సు ఊళ్లో దింపుతుంది, మఠం ఉన్న ద్వీపకల్పం ఇంకా కొన్ని కిలోమీటర్లు. మళ్లీ టాక్సీ. ఖోర్ విరాప్, నొరవాంక్ రెండూ ఒకే రోజు బస్సుల్లో కుదరవు. అందుకే గార్ని రోజు బస్సు, సెవాన్–దిలిజాన్ రోజు, నొరవాంక్ రోజు గ్రూప్ టూర్ బస్సు. యెరెవాన్‌లో ఈ టూర్లు రోజూ ఉంటాయి, మనిషికి 8 నుంచి 12 వేల డ్రాములు లెక్కేసుకోండి. సొంత టాక్సీ రోజంతా మాట్లాడితే దానికి రెట్టింపు పైనే.

మొత్తం ఇద్దరికీ నా లెక్క: విమానం 72 వేలు. వీసా పదిహేను వందలు. ప్రయాణ బీమా రెండున్నర వేలు, అమ్మగారి వయసు బట్టి కాస్త ఎక్కువ పడొచ్చు, అక్కడ మాత్రం పిసినారితనం వద్దు. బస ఏడు రాత్రులకు 21 వేలు. గ్రూప్ టూర్లు రెండూ కలిపి పది పదకొండు వేలు. తిండి, వంట సరుకులు 12 వేలు. బస్సులు, టాక్సీలు, గ్యుమ్రి రైలు ఆరు వేలు. మ్యూజియం, గార్ని టికెట్లు మూడు నాలుగు వేలు. చర్చిలకు టికెట్ లేదు. సిమ్ కార్డు వెయ్యి. ఇంతా కలిపి లక్షా ముప్పై వేల చుట్టుపక్కల. మిగిలిన ముప్పై వేలలో ఇరవై ముట్టుకోకుండా ఉంచండి. పది వేలు అమ్మగారి చేతికిచ్చేయండి, ఆవిడకు నచ్చింది ఆవిడే కొనుక్కుంటారు.

రూపాయలు అక్కడ ఎవరూ మార్చరు. ఇక్కడే డాలర్లు కొనుక్కుని వెళ్లి యెరెవాన్ ఊళ్లో మార్చండి. ఎయిర్‌పోర్ట్‌లో మొదటి రాత్రికి సరిపడా మారిస్తే చాలు. నోట్లు కొత్తవి, గీతలూ చిరుగులూ లేనివి తీసుకోండి. వీసా లేదా మాస్టర్ కార్డు ఒకటి వెంట ఉంచండి. మన యూపీఐ మీద ఆధారపడొద్దు.


ఎడారి బాటసారి (షార్జా, సొంతూరు జగిత్యాల):

దిలిజాన్ వెళ్తే దగ్గరలోనే హఘార్త్సిన్ మఠం చూడండి అక్కా. అడవి మధ్యలో ఉంటది. దాన్ని బాగుచేయించింది మా షార్జా పాలకుడు షేక్ సుల్తాన్. ముస్లిం పాలకుడు క్రైస్తవ మఠానికి సొంత డబ్బులిచ్చి మరమ్మతు చేయించిండు. నేను అక్కడ ఆ సంగతి రాసిన పలక చదివినప్పుడు మనసు నిండిపోయింది. రోడ్డు మఠం దాకా ఉంది, మెట్ల బాధ లేదు.

సెవాన్‌లో మాత్రం మెట్లున్నయ్, రెండు వందల పైనే. చలి కూడా. ఆ సరస్సు 1,900 మీటర్ల ఎత్తున ఉంది, యెరెవాన్‌లో ఎండ కొడుతుంటే అక్కడ గాలి కోస్తది. అమ్మకు స్వెటర్, చెవులకు మఫ్లర్ పెట్టండి.


పప్పుచారు (బెంగళూరు):

సెవాన్‌లో మెట్ల కింద నుంచే సరస్సు బాగా కనిపిస్తుంది. మా మామయ్య కింద బల్ల మీద కూర్చుని చూశారు, ఆయనకు ఏ లోటూ అనిపించలేదు. ఒకప్పుడు ఆ మఠం ఉన్న చోటు ద్వీపమే. సోవియట్ కాలంలో కరెంటుకూ సాగుకూ నీళ్లు తోడేయడంతో సరస్సు మట్టం 19 మీటర్ల దాకా పడిపోయి ఒడ్డు బయటపడింది, ద్వీపం కాస్తా నేలకు అతుక్కుంది. మేం చూసే ఆ దారి మొత్తం ఒకప్పుడు నీళ్ల అడుగున ఉండేదని అమ్మగారికి చెప్పండి.

గెఘార్డ్ మాత్రం తొందరగా చూసి రావద్దు. కొండను తొలిచి లోపలే గదులు చేశారు, 13వ శతాబ్దపు పని. లోపలి గదిలో ఒకరు పాడినా పదిమంది పాడినట్టు మోగుతుంది. అక్కడ ఎవరూ లేనప్పుడు మా అత్తయ్య చిన్న గొంతుతో అన్నమయ్య కీర్తన పాడారు. పక్క గదిలోంచి వచ్చిన ఒక ఆర్మేనియన్ పెద్దావిడ అది పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడి, తర్వాత తన భాషలో ఒక ప్రార్థన పాడింది. మీ అమ్మగారికి పాట వస్తే అక్కడ పాడించండి. చర్చిలో పూజ జరుగుతున్నప్పుడు మాత్రం వద్దు.


ఉప్పుటేరు (కాకినాడ):

అమ్మకు పాటలు వస్తాయి. ఇది చదివాక ఏం పాడాలో ఇప్పటినుంచే ఆలోచిస్తోంది.

అందరి మాటలూ కలిపి ఇలా మార్చాను, చూడండి.

శనివారం రాత్రికి చేరడం, టాక్సీలో గదికి. ఆదివారం పొద్దున ఎచ్మియాద్జిన్ కెథీడ్రల్, ఊరికి ఇరవై కిలోమీటర్లే అట. మధ్యాహ్నం వెర్నిసాజ్ సంత, సాయంత్రం కాస్కేడ్, రిపబ్లిక్ స్క్వేర్ ఫౌంటెన్లు. సోమవారం చరిత్ర మ్యూజియం, మతెనదరాన్. మంగళవారం గార్ని, గెఘార్డ్. బుధవారం సెవాన్, హఘార్త్సిన్. గురువారం రైల్లో గ్యుమ్రి. శుక్రవారం ఖోర్ విరాప్, అరెని, నొరవాంక్. శనివారం పొద్దున స్మారకం చూసుకుని సాయంత్రం విమానం.


మెడికో@యెరెవాన్:

ఆంటీ, సోమవారం మార్చాలి. చరిత్ర మ్యూజియానికి సోమవారం సెలవు. మతెనదరాన్‌కు ఆది, సోమ రెండూ సెలవే. స్మారకం దగ్గరి మ్యూజియం కూడా సోమవారం ఉండదు. కాబట్టి సోమవారం గార్ని–గెఘార్డ్ పెట్టి, మంగళవారం మ్యూజియాలు పెట్టండి. ఆదివారం వెర్నిసాజ్ సరిగ్గా కుదిరింది, శని ఆదివారాల్లోనే అది కళకళలాడుతుంది. ఎచ్మియాద్జిన్‌లో ఆదివారం పూజ పాటలతో జరుగుతుంది, తల మీద కొంగు వేసుకుంటే చాలు. కాస్కేడ్‌కు బయట 572 మెట్లున్నాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. లోపల ఎస్కలేటర్లున్నాయి, టికెట్ కూడా లేదు. పైదాకా ఎక్కి అరరాత్ చూసుకుని మళ్లీ వాటి మీదే దిగొచ్చు.

గ్యుమ్రి రైళ్లు రెండు రకాలు. మామూలు రైలు మూడు గంటలు, ఎక్స్‌ప్రెస్ రెండు గంటలు. ఎక్స్‌ప్రెస్ అన్ని రోజులూ ఒకే వేళకు ఉండదు, అందుకే ముందు రోజు స్టేషన్లోనో రైల్వే యాప్‌లోనో చూసి టికెట్ తీసుకోండి. 1988 డిసెంబరు 7 భూకంపం ఆ ఊరిని కూల్చేసింది. మొత్తం మీద 25 వేల మంది చనిపోయారు. నల్లరాయి ఇళ్లు, మళ్లీ నిలబెట్టిన చర్చి చూస్తూ మెల్లగా నడిచే ఊరు అది. బుధవారం తిరిగొచ్చాక అమ్మమ్మగారు అలసిపోతే గ్యుమ్రి మానేసి గురువారం యెరెవాన్‌లోనే ఉండిపోండి. దానికి ముందుగా డబ్బు కట్టేది ఏమీ లేదు కాబట్టి నష్టం లేదు.

మీ గది ఏ మెట్రో స్టేషన్ దగ్గర కుదిరిందో ఇక్కడ రాయండి. అక్కడికి దగ్గరలో మత్సున్, బియ్యం, కందిపప్పు దొరికే కొట్లు ఎక్కడున్నాయో చెప్తాను. మన పప్పులు అన్ని చోట్లా ఉండవు, మేం కొనే ఇండియన్ కొట్టు ఒకటుంది. కరివేపాకు మాత్రం ఎండబెట్టి మీరే తెచ్చుకోండి.